జ్యూస్‌కి నాలుగు స్టార్లు, ఫ్లెక్సీకి సున్నా

నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్క సందులో కొత్తగా పెట్టిన జ్యూస్ షాపు ఇది, పేరు రాయడం లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ముందు రుచి సంగతి. ఉసిరి 40 రూపాయలు, చిటికెడు నల్ల ఉప్పు వేసిస్తారు, తాగాక మంచినీళ్లు కూడా తియ్యగా ఉంటాయి. దానిమ్మ 90, గింజ నలక్కుండా తిప్పి వడకడతారు కాబట్టి చేదు రాదు. నేరేడు సీజన్లోనే. చక్కెర వద్దంటే వాదించరు, అది నాకు బాగా నచ్చింది.

ఇక ఆ ఫ్లెక్సీ. 'మెదడులో చేరిన సీసం, అల్యూమినియం విషాల్ని కడిగేసే జ్యూస్' అంట! ఎవరు చెప్పారబ్బా అంటే కౌంటర్ పిల్లోడు "గూగుల్లో కొట్టు నా, వస్తుంది" అన్నాడు.

వస్తుంది, కాదనను. సీసం కాల్షియం వెళ్లే దారుల్లోనే మెదడులోకి దూరి, అక్కడ ఫ్రీ రాడికల్స్‌ని, అంటే పక్కవాటిని పాడుచేసే చురుకైన అణువుల్ని, పెంచి కణాల్ని దెబ్బతీస్తుంది, పిల్లలకైతే తెలివితేటల మీదే దెబ్బ. నేరేడులో ఆంథోసయనిన్లు, దానిమ్మలో పాలీఫినాల్స్, ఉసిరిలో సి విటమిన్ ఆ ఫ్రీ రాడికల్స్‌కి అడ్డుపడే రకాలు. ఎలుకలకి సీసమో అల్యూమినియం క్లోరైడో ఇచ్చి, దాంతోపాటు పండ్ల సారం పట్టిస్తే మెదడుకి నష్టం తగ్గినట్టు పరిశోధనలు ఉన్నాయి. కానీ అవి ఎలుకలు సామీ, పట్టించింది కొలిచి ఇచ్చిన సారం, మన గ్లాసులో సగం ఐస్. పైగా నష్టం తగ్గించడం వేరు, ఒంట్లో ఉన్న లోహాన్ని బయటికి పంపడం వేరు. రక్తంలో సీసం ఎక్కువుంటే అది ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి ముందు దాన్ని ఆపాలి, మరీ ఎక్కువైతే డాక్టర్లు సక్సిమర్ లాంటి, సీసాన్ని పట్టుకుని బయటికి పంపే మందులు ఇస్తారు. సీసం ఉండే పాత బ్యాటరీలు కరిగించే చోట పనిచేసేవాళ్లు ఈ ఫ్లెక్సీ నమ్మి టెస్టు మానుకుంటే ఎవరిది బాధ్యత?

నాకు ఒళ్లు మండింది మాత్రం ఇంకోదానికి. పొద్దున పిండిన నిమ్మరసం సాయంత్రం దాకా సిల్వర్ గిన్నెలోనే, అంటే అల్యూమినియం గిన్నెలోనే! రసం తగిలే మేర లోపలంతా సన్న సన్న గుంటలు పడి, వేలు పెడితే గరుకు. పులుపుకి అల్యూమినియం రసంలోకి దిగుతుంది, అది చాలదన్నట్టు నిమ్మలో ఉండే సిట్రిక్ యాసిడ్ వల్ల ఒంటికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. కిడ్నీలు బాగున్నవాళ్లకి చాలావరకు మూత్రంలో పోతుంది, కంగారు పడక్కర్లేదు, కిడ్నీ జబ్బున్నవాళ్లకి మాత్రం మంచిది కాదు. ఓనర్‌కి చెప్తే "మా నాయన వాడిన గిన్నె, ఎవరికేమైంది" అన్నాడు. స్టీలు గిన్నె ఎంతని, ఆ ఫ్లెక్సీకి పెట్టిన డబ్బుల్లో రెండొస్తాయి.

ఉసిరి, దానిమ్మ కళ్లముందే తీసిస్తారు కాబట్టి అవి తాగండి, నిమ్మ సోడా జోలికి పోవద్దు. ఏడు దాటితే దానిమ్మ అయిపోతుంది, బండి పెట్టుకోను చోటు కూడా ఉండదు.