టాహో సరస్సు అంచున ఫ్లూమ్ ట్రైల్

కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దున ఉన్న టాహో సరస్సుకు తూర్పు వైపున, నీటిమట్టానికి సుమారు 1,500 అడుగుల ఎత్తులో, కొండ నడుముకు మొలతాడు చుట్టినట్టు సాగే సన్నని బాట పేరు ఫ్లూమ్ ట్రైల్. కొండల మీద సైకిలు తొక్కేవారిలో దీనికి చాలా పేరుంది. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలి బే ఏరియాలో స్థిరపడిన తెలుగువాళ్ళలో వేసవిలో ఒక్కసారైనా టాహో వెళ్ళనివారు తక్కువే కానీ, తీరాన కూర్చుని, పడవెక్కి, ఫొటోలు తీసుకుని తిరిగి వచ్చేవారే ఎక్కువ. చాలా ఏళ్ళు నేనూ అలాగే వెళ్ళివచ్చాను. గత మూడేళ్ళలో మాత్రం మూడుసార్లు ఈ బాట మీద సైకిలు తొక్కాను. మొదటిసారి ఒంటరిగానూ, తక్కిన రెండుసార్లూ మా బావమరిదితోనూ వెళ్ళాను.

సాధారణంగా అందరూ పాటించే పద్ధతి ఇది. ఇంక్లైన్ విలేజ్ ఊరి అంచున, టన్నెల్ క్రీక్ దగ్గర కారు నిలిపి, అక్కడి నుంచి షటిల్ వ్యానులో సైకిళ్ళతో సహా స్పూనర్ సరస్సుకు చేరుకుంటారు. అక్కడి నుంచి నార్త్ కాన్యన్ అనే లోయ వెంట పైకి ఎక్కి, మార్లెట్ సరస్సు ఒడ్డుకు దిగి, దాని ఆనకట్ట దాటి ఫ్లూమ్ ట్రైల్ అందుకుని, చివరకు టన్నెల్ క్రీక్ దారిన కిందికి దిగి మళ్ళీ కారు దగ్గరకు వస్తారు. మొత్తం దూరం సుమారు 14 మైళ్ళు. అందులో పేరుమోసిన ఫ్లూమ్ భాగం నాలుగున్నర మైళ్ళకు మించదు. ఈ సంగతి ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది, ఎందుకంటే ఒంట్లోని శక్తిలో అధికభాగం ఆ నాలుగున్నర మైళ్ళు మొదలుకాక ముందే ఖర్చయిపోతుంది.

స్పూనర్ దగ్గరే ఎత్తు దాదాపు 7,000 అడుగులు. సముద్రమట్టంలో ఉండే ఊళ్ళ నుంచి నాలుగైదు గంటలు కారు నడిపి, అదే రోజు సైకిలెక్కిన వారికి మొదటి మైలులోనే ఆయాసం వస్తుంది. నార్త్ కాన్యన్ దారి వెడల్పుగానే ఉంటుంది, రాళ్ళూ పెద్దగా ఉండవు, కానీ పైకి పోయేకొద్దీ ఏటవాలు పెరిగి, చివరి మైలులో చక్రం కింద ఇసుక జారుతూ ఉంటే చాలామంది దిగి నడుస్తారు. నేను మూడుసార్లూ కొంత దూరం నడిచాను. ముందు రోజు రాత్రే వచ్చి కొండ మీద పడుకున్నప్పుడు ఎక్కడం స్పష్టంగా తేలికైంది. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వెళ్ళగలిగితే ఈ లోయలోని యాస్పెన్ చెట్లు పసుపు ముద్దలా పండి కనిపిస్తాయి. వాటి తెల్లని బెరడు మీద స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు ప్రాంతం నుంచి వచ్చిన ఒకప్పటి బాస్క్ జాతి గొర్రెల కాపరులు చెక్కిన పేర్లూ బొమ్మలూ నేటికీ ఉన్నాయి. చూసి ఆనందించాలే గాని, వాటి పక్కన మన పేర్లు చెక్కకూడదు.

ఈ బాట ఎందుకింత సమతలంగా ఉందో తెలిస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది. 1859లో నెవాడాలో కామ్‌స్టాక్ వెండి గనులు బయటపడ్డాక, ఎండిన కొండల మీద వర్జీనియా సిటీ అనే పట్టణం వెలసింది. వెండి ఉంది, నీళ్ళు లేవు. హెర్మన్ షుస్లర్ అనే ఇంజనీరు రూపకల్పనతో 1873లో వాషో లోయను దాటించి ఇనుప గొట్టంలో నీటిని ఆ పట్టణానికి ఎక్కించారు. ఆ తరువాత అవసరం పెరగగా, మార్లెట్ సరస్సు నీటిని కూడా కొండ అంచున కట్టిన చెక్క కాలువలో పారించి, శిఖరం కింద తవ్విన సుమారు 4,000 అడుగుల సొరంగం గుండా తూర్పు వైపుకు పంపారు. ఆ చెక్క కాలువనే ఇంగ్లీషులో ఫ్లూమ్ అంటారు. నీరు తనంతట తాను పారాలి కాబట్టి కాలువకు అతి స్వల్పమైన వాలు మాత్రమే ఇచ్చారు. గోదావరి డెల్టాలో కాలువ గట్ల మీద సైకిలు తొక్కి పెరిగిన వారికి ఆ వాలు ఎలా ఉంటుందో విడమరచి చెప్పనక్కరలేదు: తొక్కుతున్నట్టూ ఉండదు, దిగుతున్నట్టూ ఉండదు, చక్రం దానంతట అదే ముందుకు పోతుంది. కాలువ పాడుబడి పూడిపోయిన ఈ దారిని 1980లలో మాక్స్ జోన్స్ అనే సైకిలు పోటీదారు పొదలు కొట్టి, రాళ్ళు తొలగించి సైకిళ్ళకు అనువుగా మార్చాడు. బాట పక్కన అక్కడక్కడా పాత చెక్కలూ, ఇనుప ముక్కలూ ఈనాటికీ కనిపిస్తాయి.

మార్లెట్ ఆనకట్ట దాటాక అసలు బాట మొదలవుతుంది. మొదట కొంతసేపు చెట్లే ఉంటాయి. తరువాత ఒక మలుపు తిరగగానే ఎడమ వైపు చెట్లు పలుచబడి, సరస్సు మొత్తం ఒక్కసారిగా కళ్ళ ముందు పరచుకుంటుంది. కింద శాండ్ హార్బర్ దగ్గర గ్రానైట్ బండలు నీటి అడుగున కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఒడ్డున లేత పచ్చగా ఉన్న నీరు, లోతు పెరిగేకొద్దీ నీలమై, నడిమధ్య దాదాపు నల్లనవుతుంది. ఈ సరస్సు అత్యధిక లోతు 1,645 అడుగులు. మొదటిసారి అక్కడ సైకిలు దిగి ఒక బండ మీద కూర్చుని అరగంట లేవలేకపోయాను. ఈ దారి గురించి ఎవరు ఎంత గొప్పగా చెప్పినా, ఆ దృశ్యం విషయంలో ఎక్కువ చెప్పారని నాకు అనిపించలేదు.

భయం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. కొన్ని చోట్ల బాట వెడల్పు ఒక సైకిలు హ్యాండిల్‌బారుకు సరిపోయేంతే, ఎడమ వైపు అడ్డుకమ్మీ ఏదీ లేదు, పడితే చాలా దూరం జారిపోయే ఏటవాలు. బాట మాత్రం కష్టమైనది కాదు. చూపు ముందున్న నేల మీద నిలిపితే చక్రం తిన్నగా పోతుంది. సరస్సు వైపు తల తిప్పితే చక్రం కూడా అటే తిరుగుతుంది. కనుక చూడాలంటే ఆగాలి, తొక్కాలంటే చూడకూడదు. కొండచరియ విరిగి రాళ్ళు పడ్డ రెండు మూడు చోట్ల సైకిలు చేతబట్టుకుని నడవడమే సరైన పని. ఎదురుగా వచ్చేవారికి దారి ఇవ్వవలసి వస్తే కొండ వైపు ఒదిగి నిలబడాలి. ఎత్తు అంటే కళ్ళు తిరిగేవారు, సైకిలు మీద ఇంకా తడబడేవారు మొదటి ప్రయత్నంగా దీన్ని ఎంచుకోవద్దని నా గట్టి సలహా.

నిజానికి నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఫ్లూమ్ కాదు, దాని తరువాతి టన్నెల్ క్రీక్ దిగుడు. మూడు మైళ్ళ లోపే దాదాపు 1,500 అడుగులు దిగే వెడల్పాటి దారి అది. గ్రానైట్ అరిగి ఏర్పడిన గరుకు ఇసుక మలుపుల్లో చీలమండ దాకా పేరుకుని ఉంటుంది. ఆపాటికి కాళ్ళు అలసి ఉంటాయి, ప్రమాదకరమైన భాగం దాటేశామన్న నిశ్చింత కూడా తోడవుతుంది. మొదటిసారి నేను అద్దెకు తీసుకున్న సైకిలుకు వెనుక బ్రేకు అరిగిపోయి ఉన్న సంగతి ఇక్కడికి వచ్చేదాకా గమనించలేదు. సగం దారి నడిచి దిగాను. దుకాణం వాళ్ళు ఇచ్చారని నమ్మి ఎక్కేయకుండా, బయలుదేరే ముందే రెండు బ్రేకులూ, గాలీ స్వయంగా చూసుకోవాలి. చక్రం బిగుసుకునేలా బ్రేకు నొక్కి జారుతూ దిగేవారిని చూస్తే బాధ కలుగుతుంది. అలా రేగిన మట్టి వానకు కొట్టుకుపోతుంది. టాహో నీటి స్వచ్ఛత 1968 తరువాత తగ్గడానికి ముఖ్య కారణాలలో సన్నని మట్టి రేణువులు ఒకటి. బరువు వెనక్కి వేసి, రెండు బ్రేకులనూ సమంగా నొక్కుతూ నెమ్మదిగా దిగడం బాటకూ మనకూ మంచిది.

షటిల్ ఏర్పాటు బాగుంది, కానీ శని, ఆదివారాల్లో పొద్దున తొమ్మిది దాటాక కారు నిలిపే చోటు దొరకడం కష్టం. ముందుగా టికెట్ తీసుకుని తొలి వ్యాను ఎక్కితే మధ్యాహ్నపు ఎండకు ముందే ఎక్కుడు ముగుస్తుంది. తలా మూడు లీటర్ల నీళ్ళు, ఒక ట్యూబు, చేతిపంపు తప్పనిసరి. మేము పులిహోర పొట్లాలు కట్టుకుని వెళ్ళి మార్లెట్ ఒడ్డున తిన్నాము; అంతకన్నా మంచి భోజనశాల ఆ చుట్టుపక్కల నాకు తెలియదు. ముందు ఫోర్కుకు సస్పెన్షన్, అంటే కుదుపులు తగ్గించే ఏర్పాటు, ఉన్న సైకిలు చాలు, ఖరీదైనది అక్కరలేదు.

ఇంటి నుంచి వచ్చిన అమ్మానాన్నలో, చిన్నపిల్లలో వెంట ఉంటే, వారిని టన్నెల్ క్రీక్ దగ్గరే మొదలై శాండ్ హార్బర్ దాకా మూడు మైళ్ళు సాగే ఈస్ట్ షోర్ ట్రైల్ మీద నడవమని చెప్పవచ్చు. 2019లో తెరిచిన ఆ చదును చేసిన బాటకు ఒడ్డు వెంట కమ్మీలు కూడా ఉన్నాయి. పోయిన ఏడాది మా అమ్మ అక్కడే నడుస్తూ, మేము దిగివచ్చే వేళకు టన్నెల్ క్రీక్ మొదట్లో ఒక బల్ల మీద కూర్చుని మా కోసం చూస్తూ ఉంది.