ఫుట్‌బాల్ మేనేజర్ 2024: కొనడం మానేశాకే అసలు ఆట మొదలైంది

ఒక క్లబ్‌కి మేనేజర్‌గా ఉండి ఆటగాళ్ళని కొని, జట్టుని నడిపే కంప్యూటర్ గేమ్ ఇది. నేను ఆడిన గంటలు చూస్తే వెయ్యి దాటేశాయి, అందులో సగం పైన నాకు నేను పెట్టుకున్న రూల్స్‌తో ఆడినవే కాబట్టి వాటి గురించే రాస్తున్నా. మామూలుగా ఆడితే నా పద్ధతి ఒకటే, ప్లేయర్ సెర్చ్ తెరవడం, కాంట్రాక్ట్ ఆరు నెలల్లో అయిపోయేవాళ్ళని ఫిల్టర్ చేసి ఫ్రీగా లాగేయడం, నాలుగైదుగురు వండర్‌కిడ్స్‌ని, అంటే ముందుముందు స్టార్లయ్యే కుర్రాళ్ళని కొనడం, హై ప్రెస్ టాక్టిక్ (ఎదుటివాళ్ళ సగంలోనే మీదపడి బంతి లాక్కోవడం) పెట్టేసి, ఆటని ముందుకు జరిపే స్పేస్ బార్ నొక్కుతూ కూర్చోవడం. మూడో సీజన్‌కి కప్పులొస్తాయి, ఐదో సీజన్‌కి విసుగొస్తుంది. గేమ్‌ని అని ఏం లాభం, ఆ దొడ్డిదారి దొరికాక నేనే ఇంకో దారి తొక్కలేదు.

మొదట స్పెయిన్ క్లబ్ అథ్లెటిక్ బిల్బావోని చూసి కాపీ కొట్టా. ఆ క్లబ్ వందేళ్ళ పైనుంచి బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్ళని, లేదా అక్కడ ఆట నేర్చుకున్నవాళ్ళనే ఆడిస్తోంది కదా, నేను ఒక పోర్చుగల్ క్లబ్ తీసుకుని పోర్చుగీసు ఆటగాళ్ళు తప్ప ఎవరూ వద్దనుకున్నా. వినడానికి కఠినంగా ఉంది గానీ తుస్సుమంది, ఆ దేశంలో టాలెంట్‌కి కొదవా ఏంటి, సెర్చ్‌లో ఒక ఫిల్టర్ ఎక్కువ పెట్టా అంతే.

అసలు మజా అకాడమీ రూల్‌లో ఉంది. ఇంగ్లండ్ లీగుల్లో ఆరో అంచెలో సెమీ ప్రో క్లబ్ (ఆటగాళ్ళకి ఫుట్‌బాల్ ఒక్కటే ఉద్యోగం కాదు), ఎవర్నీ కొనకూడదు, ఏడాదికోసారి మార్చి ప్రాంతంలో క్లబ్ సొంత అకాడమీ నుంచి వచ్చే యూత్ ఇంటేక్ పిల్లలతోనే నెట్టుకురావాలి. రెండో సీజన్‌లో కీపర్ వెళ్ళిపోయాడు, ఇంటేక్‌లో వచ్చిన కీపర్‌కి పదహారేళ్ళు, హ్యాండ్లింగ్ 20కి 4, వరుసగా అయిదేసి ఆరేసి గోల్స్ తిన్నాం. అప్పుడు గుర్తొచ్చింది, నేను రాసుకుంది "కొనకూడదు" అని, లోన్ గురించి, అంటే వేరే క్లబ్ ఆటగాణ్ణి కొన్నాళ్ళకి అరువు తెచ్చుకోవడం గురించి ఏమీ అనుకోలేదుగా! రెండ్రోజులు నాతో నేనే వాదించుకుని ఒక కీపర్‌ని లోన్‌కి తెచ్చా, కింది అంచెకి పడిపోవడం (రెలిగేషన్) తప్పింది, కానీ ఆ సేవ్ మీద, అంటే సేవ్ చేసుకుంటూ ఆడుతున్న ఆ ఆట మీద మోజు పోయింది. దాన్ని డిలీట్ చేసి మళ్ళీ మొదలుపెట్టా, ఈసారి లోన్, ఫ్రీ ట్రాన్స్‌ఫర్, ట్రయల్ అన్నీ బంద్ అని ముందే కాగితం మీద రాసుకుని. స్టాఫ్‌ని మాత్రం ఎవర్నైనా తీసుకోవచ్చు, ఆ కిటికీ కావాలనే తెరిచి ఉంచా.

దీనివల్ల ఏమైందంటే నేను ఇన్నాళ్ళూ ముట్టని స్క్రీన్లు తెరవాల్సి వచ్చింది. యూత్ రిక్రూట్‌మెంట్, జూనియర్ కోచింగ్ పెంచమని బోర్డుని ప్రతి ఏడాదీ అడుక్కోవడం, మెంటరింగ్‌లో (సీనియర్ల స్వభావం కుర్రాళ్ళకి అంటించే పద్ధతి) ఎవరి పక్కన ఎవర్ని వెయ్యాలో ఆలోచించడం, హెడ్ ఆఫ్ యూత్ డెవలప్‌మెంట్‌ని అతని పర్సనాలిటీ చూసి మరీ తీసుకోవడం, ఎందుకంటే వచ్చే పిల్లల స్వభావం మీద అతని ప్రభావం పడుతుంది. ఇవన్నీ ముందు నుంచీ ఉన్నవే, సెర్చ్ బటన్ ఉండగా వీటి మొహం ఎవరు చూస్తారు. ఎడమకాలి వాళ్ళనే ఆడించాలి లాంటి రూల్ కూడా ఒక వారం పెట్టి చూశా, టీమ్ వీకైంది తప్ప నేను కొత్తగా చేసింది ఏమీ లేదు, వదిలేశా.

అన్నిటికంటే పాటించలేనిది మాత్రం ఓడితే పాత సేవ్ ఫైల్ మళ్ళీ లోడ్ చేసి ఆ మ్యాచ్ తిరిగి ఆడకూడదన్నది. ఒక కప్పు సెమీస్‌లో 89వ నిమిషంలో గోల్ తిన్నాక గేమ్ క్రాష్ అయిందని నాకు నేనే చెప్పుకుని క్లోజ్ చేశా, నవ్వకండి. ఇప్పుడు ప్రతి మ్యాచ్ అయ్యాక ఆ ఒక్క ఫైల్ మీదే సేవ్ చేసేస్తున్నా, కానీ మ్యాచ్ మధ్యలో చెయ్యి దురద పెడితే ఆపేది ఏదీ లేదు.

కొత్తగా ఆడేవాళ్ళకి ఇదంతా వద్దంటాను, ముందు కొని అమ్మి కప్పులు గెలిచి విసుగు రానివ్వండి. ఇంకోటి, అకాడమీ సేవ్‌కి ఓపిక కావాలి, మొదటి నాలుగైదేళ్ళు ఓటములే. నాది ఇప్పుడు 2036, నాలుగో అంచెలో పదిహేనో స్థానం, కీపర్లు ముగ్గురున్నారు గానీ లెఫ్ట్ బ్యాక్ ఒక్కడూ లేడు, ఇంటేక్‌కి ఇంకా రెండు నెలలుంది.