జాగ్రత్త: డీఐ సిలిండర్‌లో సాఫ్ట్‌నర్ రెజిన్ పోసి అమ్ముతున్నారు

విశాఖలో కిటికీలు, షోరూము అద్దాలు కడిగే పనిలో ఉన్నవారు, కొత్తగా ప్యూర్ వాటర్ యంత్రం కొనాలనుకుంటున్నవారు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. దుకాణం పేరు రాయను. ఆ యంత్రాలు ఎక్కడ దొరుకుతాయని ఈ పనిలో ఉన్న ఎవరిని అడిగినా వేలు అటే చూపిస్తారు.

యంత్రం సంగతి మీకు తెలిసిందే. సెడిమెంట్ ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, ఆర్‌ఓ మెంబ్రేన్, చివర డీఐ (డీఅయనైజేషన్) సిలిండర్, అంటే నీటిలో మిగిలిన లవణాలను పట్టేసే రెజిన్ పూసలు నింపినది. అక్కడి నుంచి నీళ్లు పైపు గుండా పోల్ చివరి బ్రష్‌కు ఎక్కుతాయి. రుద్ది, కడిగి వదిలేయడమే, గుడ్డతో పని లేదు. నీటిలో కరిగి ఉన్నదేమీ లేకపోతే ఆరాక అద్దం మీద మిగిలేదీ ఉండదు. అందుకే టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల లెక్క, సున్నా రావాలి, పోనీ పది లోపు ఉండాలి. సముద్రపు గాలికి అద్దాల మీద ఉప్పు పొర కట్టే బీచ్ రోడ్డు, లాసన్స్ బే ఫ్లాట్లలో ఇది లేకుండా పై అంతస్తుల జోలికి వెళ్లలేం. కాబట్టి కొన్నాను. బేరం, రవాణా, అమరిక కథంతా ఇక్కడ అనవసరం. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు, అది గుర్తుంచుకుంటే చాలు.

సిరిపురంలో ఒక షోరూముకు నల్ల అద్దాలు కడిగాం. ఆరేసరికి పై నుంచి కింది దాకా తెల్ల చుక్కలు. యజమాని ఏమీ అనలేదు, అద్దం వైపు చూశాడు, నా వైపు చూశాడు. డబ్బు అడగడానికి నాకే నోరు రాలేదు.

దుకాణానికి ఫోను చేస్తే మొదటి జవాబు, బ్రష్ మురికిగా ఉందట. రెండోది, కిటికీ చట్రంలోని మురికి కారుతోందట. చట్రం మురికి కారితే గీతలు పడతాయి, చుక్కలు పడవు. నీటిలో కరిగిన లవణం ఆరినప్పుడే చుక్క మిగులుతుంది. ఈ మాత్రం ఇన్నేళ్లుగా అద్దాలు కడుగుతున్నవాడికి తెలియదా? ఆన్ చేసిన వెంటనే ఆర్‌ఓ నుంచి వచ్చే మొదటి నీళ్లలో టీడీఎస్ ఎక్కువగా ఉంటుంది, వాటిని పారబోసే పట్టాను. పంపు ప్రెషర్ తగ్గినా మెంబ్రేన్ సరిగ్గా వడకట్టదు, అదీ చూశాను, బాగానే ఉంది. క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుందంటారు, కానీ నేను వాడేది బోరు నీరు, అందులో క్లోరిన్ ఎక్కడిది? ఇక ఒక్కో దశ దగ్గరా నీళ్లు పట్టి కొలిచాను. బోరు 900. ఆర్‌ఓ దాటాక 40. అంటే మెంబ్రేన్ తన పని చేస్తోంది. డీఐ సిలిండర్ దాటాక కూడా 40. లోపలికి వెళ్లింది వెళ్లినట్టే బయటికి వచ్చింది. ఆ సిలిండర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

గట్టిగా అడిగితే మనిషిని పంపారు. అసలు చెప్పాలనుకున్నది ఇతని గురించే. మా మీటర్ తప్పు చూపిస్తోందని, తనది కంపెనీ మీటర్ అని పెన్నులా ఉండే ఒకటి జేబులోంచి తీశాడు. మూత తీసి, బటన్లు నొక్కి, గాల్లోనే 000 చూపించాడు. తర్వాత సిలిండర్ నుంచి స్టీలు గ్లాసులోకి పట్టిన నీళ్లలో ముంచాడు. 000. కదలలేదు. ‘చూడండి సార్, సున్నా’ అన్నాడు. ఏ మీటరైనా నీళ్లలో పెట్టిన క్షణంలో అంకెలు కాస్త ఎగిరి దిగుతాయి, ఇది ఉలకలేదు, పలకలేదు. తెర మూలకు చూద్దును కదా, చిన్న అక్షరాలలో హోల్డ్. అంటే గాల్లో ఉన్నప్పటి సున్నాను అక్కడే బిగించేసి, ఆ తర్వాత నీళ్లలో ముంచాడు. మీటర్ అడిగి తీసుకుని పక్కనున్న బోరు నీళ్ల బక్కెట్‌లో ముంచాను. అక్కడా 000! సముద్రానికి కూతవేటు దూరంలోని మా బోరులో వాననీరు ఊరుతోందన్నమాట.

అతని ముఖంలో సిగ్గన్నది కనబడితే ఒట్టు. ‘బటన్ పొరపాటున పడింది సార్’ అని మీటర్‌ను చొక్కాకు తుడుచుకున్నాడు. హోల్డ్ తీసి పెడితే 41. వెంటనే యజమానికి ఫోను కలిపి నా చేతికిచ్చాడు. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: ‘తాగే నీళ్లకే 500 దాకా ఫరవాలేదు, మీకు 40 వస్తుంటే గొడవ దేనికి? మీరు అద్దాలు తుడిచేవాళ్లు, అద్దాలు తుడుచుకోండి. నీటి సంగతి మాకు వదిలేయండి.’ అద్దానికి దాహం వేయదయ్యా అందామనుకున్నాను, కానీ అప్పటికే మాట మార్చేశాడు. రెజిన్ అయిపోయిందట, బోరు నీళ్లు వాడినందుకు తప్పంతా నాదట, డబ్బు కడితే కొత్త రెజిన్ పోస్తాడట. బోరు నీళ్లకే కావాలని అడిగి కొన్నాను కదా అంటే ఫోను పెట్టేశాడు.

పరవాడ ఫార్మా సిటీలో నీటి ప్లాంటు చూసే మా బావమరిదికి కబురు చేశాను. వాడు సిలిండర్ విప్పి గుప్పెడు రెజిన్ అరచేతిలో పోసుకుని వేలితో కదిపి చూశాడు. అన్నీ ఒకే రంగు, తేనె రంగు పూసలు. అసలు డీఐలో రెండు రకాలు కలిసి ఉంటాయి, ఒకటి ధన అయాన్లను, ఒకటి రుణ అయాన్లను పట్టేది. అయినా చూపును నమ్మకూడదని, ఆర్‌ఓను తప్పించి బోరు నీళ్లనే నేరుగా సిలిండర్ గుండా పంపాడు. నీటి కాఠిన్యం చూసే చుక్కల మందు బోరు నీళ్లలో వేస్తే ద్రాక్ష రంగు, సిలిండర్ నీళ్లలో వేస్తే నీలం. కాఠిన్యం పోయింది. టీడీఎస్ మాత్రం 900 దగ్గరే. నిజమైన డీఐ రెజిన్ అయి పూర్తిగా అరిగిపోయి ఉంటే మామూలుగా కాఠిన్యం కూడా పోదు. కొత్తదైతే టీడీఎస్ సున్నా కావాలి. ఇది రెండూ కాదు. కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదిలే సాఫ్ట్‌నర్ రెజిన్. వాషింగ్ మెషీన్‌కు బాగుంటుంది, అద్దానికి ఎందుకూ పనికిరాదు. డీఐ రెజిన్ ధరకు నాకు అంటగట్టింది దీన్ని! సిలిండర్ మీద అతికించిన డీఐ అనే స్టిక్కర్‌ను చూసి మురిసిపోయిన నా తెలివికి ఏ బిరుదు ఇచ్చినా తక్కువే.

వీడియో, కొలతలు అన్నీ పంపితే ఇప్పుడు కొత్త పాట. ‘మీరు వ్యాపారానికి కొన్నారు, వినియోగదారుల కోర్టులో చెల్లదు’ అని. 2019 వినియోగదారుల రక్షణ చట్టం చదువుకోమనండి. వ్యాపారానికి కొన్నవారు ఆ చట్టం కిందికి రారన్నది నిజమే, కానీ స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొని, తానే వాడుకునేవాడు వినియోగదారుడే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే. అయిదు లక్షల లోపు సొమ్ముకు అక్కడ రుసుము కూడా లేదు.

కొనేవారు కనీసం బిల్లు మీద మిక్స్‌డ్ బెడ్ (రెండు రకాలూ కలిపిన) డీఐ రెజిన్, ఇన్ని లీటర్లు అని రాయించుకోండి. మీ సొంత మీటర్ తీసుకెళ్లండి, కొన్ని వందల్లోనే దొరుకుతుంది. వాళ్ల మీటర్‌తో చూపిస్తే ముందు మామూలు కుళాయి నీళ్లలో ముంచి చూపించమనండి.

అన్నట్టు, కేసు తేలాక నా దగ్గర ఒక సిలిండర్ నిండా సాఫ్ట్‌నర్ రెజిన్ మిగులుతుంది. ఇంట్లో సాఫ్ట్‌నర్ ఉన్నవారెవరైనా ఊరికే పట్టుకెళ్లవచ్చు. రీఛార్జికి ఉప్పు మాత్రం మీరే తెచ్చుకోండి.