మలక్‌పేట రేసు ప్రివ్యూలు కొనేవాళ్లు జాగ్రత్త: ఒకే రేసుకు మనిషికో గుర్రం అమ్ముతున్నాడు

హైదరాబాద్ మలక్‌పేట గుర్రప్పందేలకు టిప్పులు అమ్మే ఒక టెలిగ్రామ్ ఛానెల్, గుర్రం తల డీపీగా పెట్టుకున్నది, దాని గురించే రాస్తున్నాను. పేరు రాయను, కానీ విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ రేసులు ఫాలో అయ్యేవాళ్లకు ఎవరో తెలిసిపోతుంది, శనివారం రాత్రి కాగానే "రేపటి కార్డు రెడీ, సీట్లు తక్కువ" అని మెసేజ్ పెడతాడే, వాడే. దయచేసి వాడికి ఇంకో రూపాయి కూడా పంపకండి. నిన్న సాయంత్రం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది, రాత్రి నిద్ర కూడా లేదు, ఇంకెవరైనా కట్టేలోపు మీ చెవిన వేద్దామని పొద్దున్నే రాస్తున్నాను.

వాడు అమ్మేది మీకు తెలిసిందే. ఆదివారం మలక్‌పేట కార్డు, అంటే ఆ రోజు రేసుల జాబితా మొత్తానికి ప్రివ్యూ, రేసుకు మూడు గుర్రాలు, కారణాలతో సహా, నెలకు 2,500. అది కాక "మెయిన్ టిప్" అని విడిగా ఒకటి, ఒక రేసు, ఒక గుర్రం, దానికి 4,000. డబ్బు కట్టేముందు పాత షీట్లు అడిగాను, చూపించాడు. బరువులు, దూరం, జాకీ (గుర్రం ఎక్కి నడిపేవాడు) మార్పు, పొద్దుటి ట్రాక్ వర్క్, అంటే ప్రాక్టీసు పరుగుల టైమింగులు, అన్నీ ఉన్నాయి, తెలిసినవాడు రాసినట్టే ఉంది. నేను ఏ యాప్‌లోనూ ఆడను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా బావమరిది రేస్ క్లబ్బుకు వెళ్తాడు, కౌంటర్లో టికెట్ తీస్తాడు, అంతే.

శనివారం రాత్రి నాకు వాయిస్ మెసేజ్ వచ్చింది. "అన్నా, మూడో రేసు, నాలుగో నంబరు. స్టేబుల్ నుంచి వచ్చిన మాట. మీ ఒక్కరికే చెప్తున్నా, ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకండి, ధర పడిపోతుంది." ధర అంటే గుర్రం గెలిస్తే రూపాయికి ఎంత వస్తుందనే లెక్క, అందరూ దాని మీదే కడితే తగ్గుతుంది. కింద నాలుగు లైన్ల కారణాలు. నాలుగో నంబరు ఓడిపోయింది, గెలిచినదాని వెనకే వచ్చిన ప్లేసుల్లో కూడా లేదు. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. రేసన్నాక ఓడిపోతాయి, ఎంత బాగా చదివినా స్టార్టులో ఒక్క అడుగు తడబడితే 1200 మీటర్లలో అది సరిచేసుకునే టైమే ఉండదు. ఆ మాత్రం తెలియక డబ్బు పెట్టలేదు.

సాయంత్రం మా పిన్ని కొడుకు శ్రీకాకుళం నుంచి పని మీద వచ్చాడు. గంటస్తంభం దగ్గర టీ తాగుతూ "అన్నయ్యా, మన మూడో రేసు పోయింది కదా, పాపం బాగానే పరిగెత్తింది ఏడో నంబరు" అన్నాడు. వాడు కూడా అక్కడే కట్టాడని నాకు అప్పుడే తెలిసింది. "ఏడేంటిరా, నాలుగు కదా" అన్నాను. "నాలుగేటి అన్నయ్యా, నా ఫోన్లో ఏడుంది, ఇదిగో విను" అని వాయిస్ పెట్టాడు.

అదే గొంతు. "అన్నా, మూడో రేసు, ఏడో నంబరు. స్టేబుల్ నుంచి వచ్చిన మాట. మీ ఒక్కరికే చెప్తున్నా." ఆ "మీ ఒక్కరికే" అనే దగ్గర గొంతు తగ్గించడం కూడా అదే. నాకు పంపిన పన్నెండు నిమిషాల తర్వాత వాడికి పంపాడు. నేను నా ఫోన్ పక్కన పెట్టి నాదీ వినిపించాను. టీ కొట్టు ముందు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడిపోయాం. మా తమ్ముడు చిన్న జీతం మీద బతికేవాడు, వాడి ఇంట్లో చిన్నపిల్లలున్నారు, నాకు పోయిన డబ్బు కన్నా వాడి మొహం చూసినప్పుడే ఎక్కువ కోపం వచ్చింది.

తర్వాత కింద రాసిన కారణాలు చదివాం. నాలుగో నంబరుకు ఏం రాశాడో ఏడో నంబరుకూ అవే నాలుగు లైన్లు, అదే వరసలో. "బరువు తగ్గింది, 1200 దీనికి సరైన దూరం, మెత్తటి ట్రాక్ కలిసొస్తుంది, జాకీ మంచి ఊపులో ఉన్నాడు." కార్డు తీసి చూశాను. ఏడో నంబరుకు బరువు తగ్గలేదు, కిందటిసారి గెలిచింది కాబట్టి రేటింగ్ పెరిగి నాలుగు కిలోలు ఎక్కువ మోస్తోంది! కార్డు ఒక్కసారి తెరిచినవాడెవడూ ఆ మాట రాయలేడు. అంటే వాడు ఆ రేసు చదవనే లేదు. ఇద్దరం ఇంకా అక్కడే ఉండగా ఛానెల్లో పోస్టు పడింది: "మూడో రేసు మెయిన్ టిప్ రెండో నంబరు, కొట్టేశాం", టికెట్ ఫోటోతో సహా. గెలిచింది నిజంగానే రెండో నంబరు. అంటే ఇంకెవరికో రెండు ఇచ్చాడు. ఇంకా ఎంతమందికి ఎన్ని నంబర్లు ఇచ్చాడో వాడికే తెలియాలి.

అక్కడినుంచే ఫోన్ చేశాను. వెంటనే ఎత్తాడు, "చెప్పండి అన్నా" అన్నాడు. నేను మర్యాదగానే అడిగాను: "నాకు నాలుగిచ్చారు, మా తమ్ముడికి ఏడిచ్చారు, ఛానెల్లో రెండు అంటున్నారు, వీటిలో ఏది గెలుస్తుందని మీరు నమ్మారు?" కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆ "అన్నా" పోయింది. "ఏరా, నాలుగు వేలిచ్చి గుర్రం చేత బాండు రాయించుకుందామనుకున్నావా? మీ శ్రీకాకుళం, విజయనగరం వాళ్లతో ఇదే గోల, పది రూపాయలు పోతే పది రోజులు ఏడుస్తారు." నేను పోలీసులకు చెప్తానన్నాను. "చెప్పుకో. ఆంధ్రాలో బెట్టింగ్ నేరం, ముందు నిన్నే లోపలేస్తారు" అని పెట్టేశాడు. ఐదు నిమిషాల్లో ఇద్దరినీ బ్లాక్ చేశాడు, చాట్ మొత్తం రెండు వైపులా చెరిపేశాడు, టెలిగ్రామ్‌లో అది కుదురుతుంది. అదృష్టం, ఫోన్ చేసేముందే మా తమ్ముడు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి మూడో ఫోన్‌తో వీడియో తీశాడు, అది మిగిలింది.

మా ఊరివాళ్లను అలా అనడం నేను మర్చిపోను. కష్టపడి సంపాదించుకున్న డబ్బు పోతే ఎవరైనా బాధపడతారు, దానికి ఏ జిల్లా అయితే ఏంటి.

ఇప్పుడు ఈ మోసం ఎలా నడుస్తుందో అర్థం చేసుకోండి, ఎందుకంటే ఛానెల్ పేరు మార్చి మళ్లీ వస్తాడు. ఒక రేసులో తొమ్మిది గుర్రాలున్నాయి, వాడి దగ్గర 900 మంది ఉన్నారు అనుకుందాం. వందేసి మందికి ఒక్కో గుర్రం ఇస్తే ఏది గెలిచినా వంద మందికి "టిప్" గెలిచినట్టే. ఆ వంద మందిని తర్వాతి రేసులో మళ్లీ తొమ్మిది గుర్రాలకు పంచితే ఓ పదకొండు మందికి వరుసగా రెండు గెలుపులు. ఆ పదకొండు మంది వాడు దేవుడని ఒట్టేసి చెప్తారు, ఎంత అడిగితే అంత కడతారు, చుట్టాలను కూడా చేరుస్తారు. ఓడిపోయినవాళ్లు తమ దురదృష్టం అనుకుని ఊరుకుంటారు, ఒకరి ఫోన్ ఒకరు చూసుకోరు. "ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకండి" అని గొంతు తగ్గించి చెప్పేది అందుకే. ధర పడిపోవడం గిడిపోవడం ఏమీ లేదు.

నాకు పందెం కన్నా ప్రివ్యూ చదవడం ఇష్టం, ఇంత మంట అందుకే. హ్యాండిక్యాప్ రేసు, అంటే మంచి గుర్రానికి ఎక్కువ బరువు వేసి అన్నింటినీ సమం చేసే రేసు చదవడం అంటే కూర్చుని చేసే పని. మన దగ్గర రేటింగులో ఒక పాయింటు అంటే అరకిలో బరువు, గెలిచిన గుర్రానికి పాయింట్లు పెరుగుతాయి, ఓడేదానికి తగ్గుతాయి, కార్డులో ఒకటో నంబరు అంటే అందరికన్నా ఎక్కువ బరువు మోసేది. కిందటి నెల ఒక గుర్రం ఇంకోదాన్ని ఒక లెంగ్తు (ఒక గుర్రం పొడవు) తేడాతో ఓడించి ఈసారి మూడు కిలోలు ఎక్కువ మోస్తుంటే ఆ లెంగ్తు నిలుస్తుందా అని ఆలోచించాలి. అప్రెంటిస్ జాకీ, అంటే ఇంకా నేర్చుకుంటున్నవాడు ఎక్కితే కొన్ని కిలోలు తగ్గిస్తారు, కానీ ఫినిష్‌లో సీనియర్ జాకీ బలం ఉండదు, ఆ రెండూ తూచుకోవాలి. 1200లో మొదటినుంచీ ముందు పరిగెత్తే గుర్రాలు మూడు నాలుగు ఉంటే ఒకదాన్నొకటి అలవగొట్టుకుంటాయి, వెనకనుంచి వచ్చేదానికి అవకాశం. ఒక్కటే ఉంటే అది తీరిగ్గా నడిపించుకుపోతుంది. వానాకాలం సీజన్లో ట్రాక్ ఎంత మెత్తగా ఉందో పెనెట్రోమీటర్‌తో కొలిచి క్లబ్బువాళ్లు చెప్తారు, అందుకే నిజాయితీగా రాసేవాడు శనివారం రాసినదానికి ఆదివారం పొద్దున్న దిద్దుబాటు పెడతాడు. వీడు ఒక్కసారి కూడా పెట్టలేదు.

గుర్రప్పందెం నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది, కె.ఆర్. లక్ష్మణన్ కేసులో. గుర్రం వంశం, శిక్షణ, జాకీ, బరువు, దూరం, వీటిని చదవగలిగినవాడికి తేడా తెలుస్తుందనే కదా. ఇంగ్లీషు పేపర్ల క్రీడల పేజీలో సెలెక్షన్లు వేసేవాళ్లు కూడా తప్పుతారు. కానీ వాళ్లు ముంబై పాఠకుడికి ఒక గుర్రం, మద్రాసు పాఠకుడికి ఇంకో గుర్రం ఇవ్వరు. వేసిన పేరు అందరికీ ఒకటే, తప్పితే అందరి ముందూ తప్పుతుంది. ప్రివ్యూ రాసేవాడికి ఉండాల్సింది ఆ ఒక్క నిజాయితీ.

"90 శాతం స్ట్రైక్ రేట్", అంటే నూటికి తొంభై టిప్పులు గెలుస్తాయని, పిన్ చేసి పెట్టుకున్నాడు చూడండి, అది ఎక్కడా లేని సంగతి. ఏ దేశంలోనైనా అందరూ నమ్మి డబ్బు పెట్టే ఫేవరెట్లే సుమారుగా మూడింట ఒక వంతు రేసులు గెలుస్తాయి, కొన్నిచోట్ల కాస్త ఎక్కువ. పైగా 2023 అక్టోబర్ 1 నుంచి పందెం పూర్తి మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేశారు, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 అయింది. గుర్రం నిజంగా గెలిచినా చేతికి మిగిలేది అంతంతమాత్రం, దాని మీద టిప్పుకు 4,000 అంటే సరదాకి చిన్న టికెట్లు తీసుకునే మనలాంటివాళ్లకు లెక్క ఎలా సరిపోతుంది?

ఇక వాడి బెదిరింపు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ బెట్టింగ్ నిషేధించిన మాట నిజం, 2025లో కేంద్రం కూడా ఆన్‌లైన్ మనీ గేమ్స్ మీద చట్టం తెచ్చింది. ఆ భయంతోనే చాలామంది నోరు మూసుకుంటారని వాడికి తెలుసు. మా తమ్ముడికి "ఐడీ ఇస్తాను, ఫోన్లోనే ఆడుకో" అని కిందటివారం ఆన్‌లైన్ బెట్టింగ్ లింకు కూడా పంపాడు, వాడు తీసుకోలేదు, మీరూ ముట్టుకోకండి. కానీ అబద్ధం చెప్పి డబ్బు గుంజడం మోసమే, దానికి భారతీయ న్యాయ సంహితలో 318 సెక్షన్ ఉంది. డబ్బు తీసుకున్నవాడు బెదిరిస్తే డబ్బిచ్చినవాడు దొంగ అయిపోడు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఏటా అక్టోబర్ 2 అంటే మలక్‌పేటలో దక్కన్ డెర్బీ, దానికి "డెర్బీ స్పెషల్" అని, ఫిబ్రవరిలో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సులో జరిగే ఇండియన్ డెర్బీ దాకా "సీజన్ మెంబర్‌షిప్" అని అప్పుడే మొదలుపెట్టాడు. మా ఆఫీసులోనే ఇద్దరు కట్టడానికి సిద్ధంగా ఉన్నారు, ఆపాను.

ఎవరి దగ్గరైనా ప్రివ్యూ కొంటే రేసుకు ముందే అందరికీ కనిపించేలా పెట్టమనండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. ఇంకో ఇద్దరు మెంబర్లతో నంబర్లు పోల్చుకోండి. ఫోన్‌పేలో డబ్బు పంపేటప్పుడు వచ్చే పేరు చూడండి, నాకూ మా తమ్ముడికీ వేర్వేరు పేర్లు వచ్చాయి, రెండూ వాడు చెప్పుకునే పేరు కాదు. చాట్ చెరిగిపోకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నిన్న రాత్రే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వీడియో, పేమెంట్ వివరాలు ఎక్కించాను. నిన్నటి ఆదివారం మూడో రేసుకు మీకు ఏ నంబరు వచ్చిందో, డబ్బు ఏ పేరు మీద వెళ్లిందో ఉంటే మెసేజ్ చేయండి. శ్రీకాకుళం వాళ్లు మా తమ్ముడికైనా చెప్పొచ్చు, వాడి నంబరు అడిగితే ఇస్తాను. బుధవారం ఇద్దరం కలిసి స్టేషన్‌కు వెళ్తున్నాం, ఆలోపు వచ్చినవన్నీ ఆ ఫిర్యాదుకే జత చేస్తాం.