కాస్ట్‌కో బీఫ్: స్టేక్‌కీ, వేపుడుకీ

అమెరికాలో మంచి బీఫ్ సరసమైన ధరకి కావాలంటే నా ఓటు కాస్ట్‌కోకే, అంటే సభ్యత్వం తీసుకుని కొనే పెద్ద టోకు దుకాణానికే. మామూలు సూపర్ మార్కెట్లలో అరుదుగా కనిపించే యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ప్రైమ్ గ్రేడ్, అంటే అన్నిటికన్నా మేలురకం, ఇక్కడ దొరుకుతుంది, అయినా ఇంట్లోకి దాని తర్వాతి గ్రేడ్ ఛాయిస్ చాలు, కొవ్వు సన్నటి తెల్ల గీతల్లా కండంతా పాకిన ముక్క చూసి ఏరుకోండి. రిబ్‌ఐ (పక్కటెముకల దగ్గరి మెత్తటి ముక్క) ధరకి గుండె గుభేలుమంటే చక్ రోస్ట్ (భుజం దగ్గరి ముక్క) తీసుకోండి. గట్టిదే, కానీ కుక్కర్‌లో మెత్తగా ఉడికించి అల్లం వెల్లుల్లి, మిరియాలతో వేయిస్తే రిబ్‌ఐ ఊసే ఎవరూ ఎత్తరు. స్టేక్ ప్యాకెట్ మీద ‘బ్లేడ్ టెండరైజ్డ్’ (మెత్తబడేలా బ్లేడ్లతో గుచ్చినది) అని ఉంటే మాత్రం లోపల పచ్చిగా వదలకండి, గుచ్చిన బ్లేడ్లు పైనున్న క్రిముల్ని లోపలికి దింపేస్తాయి, కనీసం 145 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చాక 3 నిమిషాలు ఆగాలి. సభ్యత్వం ఏడాదికి 65 డాలర్లు, ప్యాకెట్లూ పెద్దవే, ఫ్రీజర్‌లో చోటు లేనివాళ్లకి దండగ.