నీమ్‌లో మెజోన్ కారే: లోపల పావుగంట, బయట కనీసం రెండు గంటలు

ముందే చెప్పేస్తున్నా, మెజోన్ కారే అనే ఈ పాత రోమన్ గుడికి నేనిచ్చే రేటింగ్ 5కి 4.5. ఆ అర ఎందుకు తగ్గిందో కింద రాస్తాను. దక్షిణ ఫ్రాన్స్ తిరుగుతూ, నీమ్‌లో దిగాలా లేక నేరుగా అవిన్యోన్‌కో మార్సెయికో వెళ్లిపోవాలా అని ఆలోచిస్తుంటే మాత్రం దిగండి. నేను, అమ్మ ఒక్క రోజుకని వెళ్లాం. రెండో రోజు పొద్దున్నే మళ్లీ అదే గుడి ముందుకొచ్చి కూర్చున్నాం.

గుడి కన్నా ముందు రైలు సంగతి చెప్పాలి, ఎందుకంటే మా మొదటి రోజులో సగం పూట అక్కడే పోయింది. నీమ్ పేరుతో రెండు స్టేషన్లున్నాయి. ఒకటి ఊళ్లోనే ఉన్న పాత స్టేషన్. రెండోది నీమ్ పాన్ ద్యు గార్ అని 2019 డిసెంబర్‌లో తెరిచారు, అది ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరాన పొలాల మధ్య ఉంటుంది. మాకు టికెట్లు తీసిచ్చిన ఏజెంటు ఏ స్టేషనో చూసుకోకుండా రెండోదానికి తీశాడు. అమ్మ, నేను, రెండు సూట్‌కేసులు, మళ్లీ లోకల్ రైలు కోసం ఎదురుచూపు, ఆ టెన్షన్ మీకొద్దు. టికెట్ మీద స్టేషన్ పేరు పూర్తిగా చదివాకే డబ్బు కట్టండి. ఆ పేరు చూసి, రోమన్లు నీళ్ల కాలువ కోసం కట్టిన పాన్ ద్యు గార్ వంతెన పక్కనే ఉంటుందనీ అనుకోకండి, వంతెన అక్కణ్నుంచి కూడా దూరమే.

ఊళ్లో ఉన్న స్టేషన్‌లో దిగితే ఇంక బండి ఎక్కే పనే లేదు. ఎదురుగా చెట్ల నీడలో వెడల్పాటి రోడ్డు నేరుగా అరీనా, అంటే రోమన్ల కాలపు గుండ్రటి ప్రదర్శనశాల వైపు తీసుకెళ్తుంది. అరీనా దాటి విక్టర్ హ్యూగో బులెవార్డ్ పట్టుకుని నడిస్తే కుడి చేతి వైపు గుడి కనిపిస్తుంది. మొత్తం ఇరవై నిమిషాల నడక, అమ్మలాంటివాళ్లు ఆగుతూ ఆగుతూ నడిచినా అరగంట.

మొదటిసారి చూసినప్పుడు నాకైతే నమ్మబుద్ధి కాలేదు. రోమన్ కట్టడం అంటే విరిగిన స్తంభాలు నాలుగు, చుట్టూ తాడు, ఒక బోర్డు, మిగతాదంతా మనం ఊహించుకోవాలి అనే కదా మన అలవాటు. ఇక్కడ ఊహించుకోవాల్సిందేమీ లేదు. మెట్లున్నాయి, ముఖమండపం ఉంది, పైన త్రికోణం ఉంది, గోడలన్నీ ఉన్నాయి, కప్పుంది. రెండు వేల ఏళ్ల కట్టడం, బజారు మధ్యలో, పక్కనే జనం కాఫీ తాగుతూ కూర్చుని ఉండగా, అలా నిలబడి ఉంది. పొడవు 26 మీటర్ల పైన, వెడల్పు పదమూడున్నర, ఎత్తు 17 మీటర్లు. అంకెల్లో చూస్తే పెద్ద గుడి కాదు. కానీ దాదాపు మూడు మీటర్ల ఎత్తున్న పీఠం మీద కట్టడం వల్ల, కింద నిలబడి తలెత్తి చూసినప్పుడు అంకెలు గుర్తుకు రావు.

అమ్మకి ఏ గుడికెళ్లినా మెట్లు లెక్కపెట్టే అలవాటు. ఇక్కడా లెక్కపెట్టి "పదిహేను" అంది. ఆ బేసి సంఖ్య కావాలని పెట్టిందే. రోమన్ల కాలపు వాస్తుశిల్పి విట్రూవియస్ రాసిన నియమం ఒకటుంది: గుడి మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, అప్పుడు కుడికాలితో మొదలుపెట్టినవాడు పైకి చేరేటప్పుడు కూడా కుడికాలే పెడతాడు. ఈ మాట చెప్పగానే అమ్మ మళ్లీ కిందికి దిగి, కుడికాలు ముందు పెట్టి, మొదటి మెట్టు నుంచి మళ్లీ ఎక్కింది. మోకాళ్ల నొప్పులతో!

మండపంలో కాసేపు నిలబడి స్తంభాలని చూడండి. దూరం నుంచి చూస్తే గుడి చుట్టూ స్తంభాల వరస ఉన్నట్టే ఉంటుంది. దగ్గరికెళ్తే తెలుస్తుంది, మొత్తం ముప్ఫైలో ముందు వైపున్న పది మాత్రమే విడిగా నిలబడినవి, మిగతా ఇరవై గోడలోంచి సగం బయటికొచ్చినట్టు చెక్కినవి. గ్రీకు గుడికి నాలుగు వైపులా ఒకటే మర్యాద, ఎటు నుంచైనా ఎక్కొచ్చు. రోమన్ గుడి మాత్రం ముఖం చూపించి నిలబడుతుంది, ఎక్కేది ఒక్క వైపు నుంచే. గర్భగుడిని వెడల్పు చేయాలంటే గోడ బయటికి జరగాలి, చుట్టూ స్తంభాలున్న అందమూ పోకూడదు, ఆ రెండూ కుదిరేలా వేసిన ఎత్తు ఇది. స్తంభాల పైన అకాంథస్ అనే మొక్క ఆకుల చెక్కడం, ఇంకా పైన పక్క గోడల పొడవునా సాగే లతల చెక్కడం. 2000ల చివర్లో రాయినంతా శుభ్రం చేసి బాగుచేశారు కాబట్టి ఆ ఆకుల అంచులు కింద నుంచి కూడా తెలుస్తాయి. మెడ నొప్పి పుడుతుంది, అయినా చూడండి.

ఇప్పుడు ఆ తగ్గిన అర. టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే ఉన్నది ఒకే ఒక చీకటి హాలు. మేం వెళ్లినప్పుడు నీమ్ నగరం ఎలా పుట్టిందో చెప్పే చిన్న సినిమా వేశారు. సినిమా బాగానే ఉంది, పిల్లలతో వెళ్తే వాళ్లకి నచ్చుతుంది. కానీ బయట అంత చూసి లోపలికి వెళ్లినవాళ్లు విగ్రహమో, పాత రాతి నేలో, ఏదో ఒకటి ఉంటుందని ఆశపడతారు. అవేమీ లేవు. ఆ పెద్ద తలుపు కూడా పంతొమ్మిదో శతాబ్దంలో పెట్టిందే. అమ్మ బయటికొచ్చి అడిగిన మొదటి మాట, "దేవుడేడీ?"

మంచి ప్రశ్నే. నేను ముందు రోజు చదువుకున్నదంతా మెట్ల మీద కూర్చుని ఆవిడకి చెప్పాను. అసలు రోమన్ల గుడిలో జనం లోపలికి వెళ్లి పూజ చేయడం ఉండేది కాదు. బలిపీఠం బయటే, గుడి ముందు ఉండేది, తంతు అంతా ఆరుబయట ఆకాశం కిందే జరిగేది. అందుకే లోపలి గది కన్నా ఈ ముఖానికి అంత శ్రద్ధ పెట్టారు. ఇంక ఈ గుడి ఎవరిదంటే, ఇద్దరు కుర్రాళ్లది. అగస్టస్ చక్రవర్తికి కొడుకుల్లేరు. కూతురు జూలియా, అల్లుడు అగ్రిప్పల పిల్లలు గైయస్‌ని, లూసియస్‌ని తన కొడుకులుగా దత్తత తీసుకుని వారసులుగా పెంచాడు. లూసియస్ క్రీ.శ. 2లో మార్సెయిలో చనిపోయాడు, ఇక్కణ్నుంచి వంద కిలోమీటర్ల దూరంలో. పద్దెనిమిదేళ్లవాడు. రెండేళ్లకి, క్రీ.శ. 4లో, గైయస్ కూడా తూర్పున యుద్ధంలో తగిలిన గాయంతో పోయాడు, ఇరవై మూడేళ్లకే. ఈ గుడి కట్టింది ఇంచుమించు ఆ రోజుల్లోనే.

"అంటే మనవళ్ల గుడన్నమాట" అంది అమ్మ. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ నేను చూపించాలనుకున్నది ఇంకోటుంది, చాలామంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు. త్రికోణం కింద, ముందు స్తంభాల మీద అడ్డంగా ఉన్న రాతి దూలాల మీద చిన్న చిన్న రంధ్రాలుంటాయి. మామూలు కళ్లకి రాయి అరిగిపోయిన గుంటల్లా అనిపిస్తాయి, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. ఒకప్పుడు అక్కడ కంచు అక్షరాలుండేవి. మధ్యయుగాల్లో ఎవరో వాటిని ఊడబీకేశారు. అక్షరాలు పోయాక గుడి ఎవరిదో కూడా జనం మరిచిపోయారు, ఎవరికి తోచిన కథ వాళ్లు చెప్పుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఝాన్-ఫ్రాన్స్వా సెగియే అనే ఈ ఊరి పండితుడు, మొక్కల శాస్త్రం చదివినవాడు, పాత శాసనాల పిచ్చివాడు, అక్షరాలు లేకపోతేనేం, వాటిని బిగించిన రంధ్రాలున్నాయి కదా అనుకున్నాడు. ఒక్కో అక్షరానికి ఎన్ని మేకులు, ఏ వంకలో, ఎంత దూరంలో కొడతారో లెక్కగట్టి, పైకెక్కి ప్రతి రంధ్రాన్నీ గుర్తించుకుని, 1758లో మొత్తం వాక్యం చదివేశాడు. దాని అర్థం ఇంచుమించు ఇది: అగస్టస్ కుమారుడు, కాన్సుల్ (రోమ్‌లో అత్యున్నత పదవి) గైయస్ సీజర్‌కి, అగస్టస్ కుమారుడు, కాన్సుల్‌గా ఎంపికైన లూసియస్ సీజర్‌కి, యువతకు నాయకులైనవారికి.

రంధ్రాలు చదివాడండీ ఆయన. అచ్చులో ఉన్న పుస్తకం చదవడానికే బద్ధకించే నేను అక్కడ నిలబడి చాలాసేపు ఆ రంధ్రాలవైపే చూస్తుండిపోయాను.

ఇంత చక్కగా ఎలా నిలిచింది అని అందరూ అడుగుతారు. నాకర్థమైనంతవరకూ, ఎప్పుడూ ఎవరో ఒకరు దీన్ని వాడుకుంటూనే ఉన్నారు. ఊరి పెద్దల సమావేశాలకి వాడారు, గుర్రాలు కట్టేసుకున్నారు, పదిహేడో శతాబ్దంలో అగస్టీనియన్ సన్యాసులు చర్చి చేసుకున్నారు, ఫ్రెంచి విప్లవం తర్వాత ప్రభుత్వ కార్యాలయం, రికార్డుల గది, 1823 నుంచి మ్యూజియం. గుర్రాల శాల అనగానే మనసు చివుక్కుమంటుంది. కానీ కప్పు కారితే గుర్రాలవాడైనా బాగుచేసుకుంటాడు కదా. ఎవరికీ అక్కర్లేని కట్టడాల రాళ్లే ఇళ్లకీ ప్రహరీలకీ పోయాయి. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో దీన్ని చేర్చింది మాత్రం ఈమధ్యే, 2023 సెప్టెంబర్‌లో.

అమెరికాకి తర్వాత అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఫ్రాన్స్‌లో రాయబారిగా ఉన్నప్పుడు వర్జీనియా రాష్ట్ర శాసనసభ భవనానికి నమూనా కావాలంటే ఈ గుడినే ఎంచుకున్నాడు, అదీ కళ్లతో చూడకముందే, బొమ్మలు చూసి. 1787లో నీమ్ వచ్చి నిజంగా చూశాక, ప్రేమికుడు ప్రియురాలిని చూసినట్టు గంటల తరబడి దీన్నే చూస్తున్నానని ఒక స్నేహితురాలికి ఉత్తరం రాశాడు. నేను అక్కడికెళ్లే ముందు అది కాస్త అతిగా అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

ఎదురుగా ఉన్న గాజు భవనం కారే దార్, నార్మన్ ఫాస్టర్ డిజైన్, 1993లో తెరిచారు. లైబ్రరీ, ఆధునిక కళల మ్యూజియం రెండూ అందులోనే. పాత గుడి ఎదురుగా గాజు, ఉక్కు ఏమిటని మొదట చిరాకేసింది. కాసేపు చూశాక ఆ సన్నని పొడవాటి స్తంభాలు, అవి మోసే కప్పు, గుడి మండపాన్ని చూసి గీసినవేనని తెలిసింది. పైగా గుడిని మించి ఎత్తు కాకూడదని తొమ్మిది అంతస్తుల్లో సగం దాకా భూమిలోకే దించేశారు. పెద్దవాళ్ల ముందు ఒదిగి నిలబడటం అంటే ఇదే. పైఅంతస్తులో టెర్రస్ ఉంది, తెరిచి ఉంటే ఎక్కండి, గుడి మొత్తం ఒకేసారి కనబడుతుంది. నా ఫొటోల్లో బాగా వచ్చిన ఒక్కటీ అక్కడ తీసిందే.

టికెట్ విషయానికొస్తే, ఒక్క ఈ గుడికే తీసుకునే బదులు అరీనా, గుట్ట మీదున్న రోమన్ల కాలపు మాన్య్ టవర్ కలిపి ఇచ్చే పాస్ మేలు. అరీనా ఎలాగూ చూడకుండా రారు, 133 మీటర్ల పొడవు, ఇరవై వేలకు పైగా జనం పట్టేది, ఇప్పటికీ అందులో కచేరీలు జరుగుతాయి. ఓపికుంటే ఫౌంటెన్ తోట మీదుగా గుట్టెక్కి టవర్ చూడండి, అమ్మ తోటలోనే చెట్టు కింద ఆగిపోయింది. రోమన్ మ్యూజియం అరీనా ఎదురుగానే ఉంది, దానికి సగం రోజు వేరే పెట్టుకోవాలి, మాకు కుదరలేదు. నడిచేటప్పుడు కింద చూస్తూ నడవండి, పేవ్‌మెంట్ మీద తాటిచెట్టుకి కట్టేసిన మొసలి బొమ్మతో కంచు బిళ్లలు కనిపిస్తాయి. రోమన్లు ఈజిప్టుని గెలిచిన గుర్తుగా ఇక్కడ కొట్టిన నాణేల మీది బొమ్మ అది, ఇప్పటికీ ఊరి చిహ్నం అదే.

జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం పూట మాత్రం వెళ్లకండి. 2019 జూన్ 28న ఇదే గార్ జిల్లాలోని ఒక ఊళ్లో 45.9 డిగ్రీలు నమోదైంది. గుడి చుట్టూ ఉన్నదంతా రాతి నేల, తెల్లటి రాయి, వేడి కింద నుంచీ పై నుంచీ కొడుతుంది. నీళ్ల బాటిల్, టోపీ తప్పనిసరి. పెద్దవాళ్లని తీసుకెళ్తే పొద్దున తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం ఏడు దాటాక. అప్పుడు లోపలికి టికెట్ ఇవ్వకపోవచ్చు, ఫర్వాలేదు, బయట కూర్చోవడానికి ఎవరూ డబ్బులడగరు.

రెండో రోజు పొద్దున మేం అలాగే వెళ్లాం. ఎవరూ లేరు, రోడ్డు ఊడ్చే బండి ఒకటి తిరుగుతోంది. అమ్మ నా ఫోన్ తీసుకుని, ఆ రంధ్రాలున్న చోటుకి జూమ్ చేసి, "వాళ్ల పేర్లు ఇంకోసారి చెప్పు" అంది. ఒక్కో పేరూ చెప్తుంటే ఎడమ నుంచి కుడికి వేలు కదుపుతూ చూసింది. రైలుకి టైమవుతోందని నేను లేచినా, లూసియస్ పేరు అయ్యేదాకా ఆవిడ లేవలేదు.