నెల్లూరులో ఇంటర్న్‌షిప్: హాస్టల్, తిండి, రొయ్యల గుంటలు

సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) మూడో సంవత్సరం పరీక్షలు కాగానే మా క్లాసులో చాలామంది ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాదు, బెంగళూరు బస్సెక్కారు. నేను కర్నూలు నుంచి నెల్లూరు వెళ్లాను. అక్కడ సాఫ్ట్‌వేర్ ఏముందని అందరూ అడిగారు కాబట్టి రాస్తున్నాను. రొయ్యల రైతుల కోసం యాప్ తయారుచేసే చిన్న ఆఫీసు, పట్టుమని పదిమంది ఉండరు, అందుకే వెళ్లిన మొదటి వారమే అసలు పని చేతికిచ్చారు.

ముందు బస. మాగుంట లేఅవుట్‌లో లేడీస్ హాస్టళ్లు బాగుంటాయి, షాపులు దగ్గర, చీకటి పడ్డాక కూడా జనం తిరుగుతుంటారు, కానీ అద్దె ఎక్కువ. వేదాయపాళెం వైపు కాస్త తక్కువలో దొరుకుతాయి. నేను మొదట దిగిన చోట ఏసీ గది అని డబ్బు కట్టించుకుని అర్ధరాత్రి దాటగానే ఆపేసేవాళ్లు. మే నెల నెల్లూరులో ఎండకు తోడు ఉక్కపోత, ఇక నిద్రెక్కడ? ఖాళీ చేస్తే అడ్వాన్సులో సగం కోసేశారు. ఏసీ ఎన్ని గంటలు వేస్తారు, ఇన్వర్టర్ ఉందా అనేది ఓనర్‌ని కాకుండా అక్కడుండే అమ్మాయిలని అడగండి, అడ్వాన్సు షరతులు రసీదు మీద రాయించుకోండి. తర్వాత మారిన హాస్టల్‌లో గది చిన్నదే అయినా నీళ్లకూ కరెంటుకూ ఏ రోజూ ఇబ్బంది పడలేదు.

తిండికి లోటే లేదు. ఆఫీసు దగ్గర మెస్సులో పుల్ల మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు పెట్టేవాళ్లు, ముందు రోజు రాత్రి చేసి మర్నాడు వడ్డిస్తే ముక్కకు పులుపు బాగా పట్టి ఉంటుంది. "మీ కర్నూలోళ్లకి చేపలు తినడం రాదులేమ్మా" అంటూనే మెస్సు అక్క ముళ్లు తక్కువుండే ముక్క చూసి వేసేది. ఇక్కడి స్వీటు మలై కాజా కూడా తప్పకుండా తినండి.

ఇక పని. రొయ్యల గుంటలో నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచు, రాత్రి వెలుతురు లేక దాన్ని తనే వాడుకుంటుంది. అందుకే రైతు చీకట్లోనే లేచి కొలతలు తీసి, నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి. ఇందుకూరుపేట వైపు గుంటల దగ్గరికి మా యాప్ తీసుకెళ్లినప్పుడు ఒక పెద్దాయన తడి చేత్తో ఫోన్ పట్టుకుని, "ఏందమ్మాయ్, ఇన్ని గళ్లు గట్టు మీద నిలబడి నింపేదెట్టా?" అన్నారు. ఆక్సిజన్, పీహెచ్, ఉప్పదనం, మేత, ఏరేటర్లు అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి, పైగా అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం. తిరిగొచ్చాక ఒక్కో పేజీకి ఒక్కటే ప్రశ్న, పెద్ద అంకెల బటన్లు పెట్టాం, సిగ్నల్ లేకపోయినా వివరాలు ఫోన్‌లోనే ఉండే ఎస్క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో దాచి నెట్ రాగానే సర్వర్‌కి పంపేలా రాశాం. ఆ సింక్ కోడ్‌లో ఎక్కువ భాగం నాదే. ఒకే గుంట వివరాలు తండ్రీ కొడుకూ రెండు ఫోన్లలో నింపితే ఏది ఉంచాలన్న చిక్కు దగ్గరే నేను క్లాసులో చదివిన డేటాబేస్ పాఠం నిజంగా అర్థమైంది. మన యాప్ వాడే మనుషులు బస్సు దూరంలో ఉండడం నెల్లూరు ఇచ్చిన పెద్ద లాభం, పెద్ద ఆఫీసుల్లో మనలాంటి వాళ్లకి ఈ అవకాశం అంత తేలిగ్గా రాదు.

ఆదివారాలకి మైపాడు బీచ్ పాతిక కిలోమీటర్ల లోపే, ఆర్టీసీ బస్సులున్నాయి. ఇసుక బాగుంటుంది, అలలు మాత్రం లాగేస్తాయి, లోపలికి వెళ్లొద్దు. సాయంత్రానికైతే పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి నాకు ఎక్కువ నచ్చింది. ఊళ్లో షేర్ ఆటోలు చాలు, కొత్తవాళ్లని చూసి రేటు పెంచే ఆటోవాళ్లూ ఉన్నారు గనుక ఎక్కేముందే అడగండి. చెన్నై చూడాలంటే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉంది.

డబ్బు కట్టించుకుని ఇంట్లో కూర్చున్నా సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల జోలికి పోకండి. నాకు స్టైపెండ్ కొంచెమే, హాస్టల్‌కి సరిపోయింది, మిగతాది ఇంటి నుంచి తెచ్చుకున్నాను. చిన్న ఆఫీసుల్లో కాలేజీ ఫారాలు, లాగ్‌బుక్ గురించి పట్టించుకునే మనిషి ఉండరు కాబట్టి వారం వారం సంతకాలు మీరే పెట్టించుకోండి, చివరి రోజుకి ఉంచుకుంటే సార్ గుంటల మీద ఉంటారు.